పాప పేరున పాలసీ కట్టాలా?

కావలి నుంచి ఒక తల్లి రాశారు: "మా పాపకు తొమ్మిదేళ్లు. మేధో వైకల్యం ఉంది, సదరం వైకల్య సర్టిఫికెట్‌లో 50 శాతం వేశారు. ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి. మా ఆయన ఆటో తోలతారు. పాప పింఛను 6,000 వస్తే అందులో 4,000 ప్రైవేటు థెరపీకే పోతోంది. పాప పేరున ఏడాదికి 30,000 పాలసీ కట్టమని ఏజెంట్ అంటున్నారు. గాజులు తాకట్టు పెట్టమంటారా?"

వద్దమ్మా. గాజులు చేతికే ఉండనివ్వండి.

మనం పోయాక బిడ్డనెవరు చూస్తారన్న టెన్షనే మీతో ఈ మాట అడిగించింది. అందుకే బీమా ఉండాల్సింది పాపకు కాదు, ఆటో తోలే ఆయనకు. ఆయనకు 50 ఏళ్లు దాటకపోతే బ్యాంకులో జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు. మొదటిదానిలో మరణానికి 2 లక్షలు, రెండోదానిలో ప్రమాద మరణానికి ఇంకో 2 లక్షలు. రోజంతా రోడ్డు మీదుండే మనిషి కదా, ఈ వారమే కట్టించండి.

థెరపీ ఇప్పుడే మాన్పించకండి. ముందు మీ మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడి ఐఈఆర్టీ టీచరుకు, అంటే ఇలాంటి పిల్లలకు నేర్పే టీచరుకు, పాపను చూపించండి. అక్కడ నేర్పేదానికి ఫీజు లేదు. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ (దివ్యాంగుల పునరావాస కేంద్రం) కూడా ఉంది. ఒకసారి పరీక్ష చేయించి, ఏ థెరపీ నిజంగా అవసరమో అడగండి.

బడిలో హెడ్మాస్టర్ గారిని ఒకే మాట అడగండి: ఆన్‌లైన్‌లో పాపను ప్రత్యేక అవసరాల పిల్లల కింద ఎక్కించారా? ఆ గడి ఖాళీగా ఉంటే ఆడపిల్లలకిచ్చే నెలకు 200 స్టైపెండ్, రవాణా భత్యం లాంటివి అడగడానికి ఆధారమే ఉండదు. మొహమాటం వద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 18 ఏళ్ల దాకా ఉచిత చదువు మీ పాప హక్కు.

మేధో వైకల్యం లాంటివి ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది, కొంత పరిమితిలో థెరపీ ఖర్చూ ఇస్తారు. థెరపీ బిల్లులు ఒక్కటి కూడా పారేయకండి.

పింఛనులో మిగిలిన డబ్బు నెలకు వెయ్యైనా సరే, పోస్టాఫీసు ఆర్డీలో మీ పేరున వేయండి, పాప పేరున కాదు. 18 నిండాక ఆమె ఖాతా మీరు నడపాలంటే కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ నుంచి సంరక్షకులుగా సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సి వస్తుంది.

ఈ రాత్రి ఆ సదరం కాగితం తీసి, తాత్కాలికమా శాశ్వతమా చూడండి. తాత్కాలికమైతే గడువు తేదీ క్యాలెండర్ మీద రాసి, రెండు నెలల ముందే సచివాలయంలో స్లాట్ అడగండి.