మనం పట్టిన చేప తినొచ్చా?

అమ్మాయీ,

మొన్న ఫోన్‌లో "పెదనాన్నా, చెరువులో పట్టిన చేపంతా విషమేనట, కడుపుతో ఉన్నప్పుడు ముట్టనే కూడదట" అన్నావు. పక్కనుంచి అల్లుడుగారు "బాగా ఉడికిస్తే ఏమీ కాదులే" అన్నారు. రెండూ సరికాదు. నలభై ఏళ్లుగా గాలం వేస్తున్నవాణ్ణి, ఫోన్‌లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

చేప మంచిదా కాదా అని అడగడం కాదు తల్లీ, ఏ నీళ్లలోది, ఏ రకం, ఎంత పెద్దది అని అడగాలి. నీళ్లలో చేరిన పాదరసాన్ని అడుగు బురదలోని సూక్ష్మజీవులు మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారుస్తాయి. అది నాచులోంచి పురుగుల్లోకి, పురుగుల్లోంచి చిన్న చేపల్లోకి, వాటిని మింగే పెద్ద చేపల్లోకి పోతూ పేరుకుంటుంది. అందుకే ఒకే చెరువులో పట్టినా, అరచేయంత చేపకీ ఏళ్ల తరబడి తోటి చేపల్ని మింగి బలిసినదానికీ చాలా తేడా. మనమేమో పెద్ద చేప పడితే మురిసిపోయి, మంచి ముక్క కడుపుతో ఉన్నవాళ్లకే వేస్తాం. నీకు మాత్రం చిన్నవే వేయమను.

ఉడికిస్తే పాదరసం పోదు. అది కండలోనే పట్టుకుని ఉంటుంది, ఎంత కడిగినా, ఎంత వేయించినా అంతే. పీసీబీలని ఫ్యాక్టరీల్లో వాడిన పాత రసాయనాల్లాంటివి కొవ్వులో చేరతాయి కాబట్టి తోలు, పొట్ట దగ్గరి కొవ్వు తీసేస్తే కొంత తగ్గుతాయి. ఉడికించడం క్రిములకు, పురుగులకు మందు. ముక్క లోపల 63 డిగ్రీల వేడి తగలాలి.

నీళ్లు తేటగా ఉన్నాయని నమ్మకు. మిథైల్ మెర్క్యురీకి రంగూ లేదు, వాసనా లేదు. అదే చేపకు మట్టి వాసన వస్తే చాలామంది విషమనుకుని పారేస్తారు. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది, దానివల్ల హాని లేదు. నీళ్లమీద ఆకుపచ్చ పెయింట్ పోసినట్టు తెట్టు కడితే మాత్రం అక్కడ పట్టిన చేప ఇంటికి తేవద్దని అల్లుడుగారితో చెప్పు. ఆ తెట్టులో పుట్టే విషం వేడికి లొంగదు.

"మేం తిన్నాం, మాకేం కాలేదు" అనే మాట వింటే నాకు భయమేస్తుంది. జపాన్‌లో మినమాటా జబ్బు 1956లో బయటపడింది. ఫ్యాక్టరీ నీటిలోని పాదరసం చేపల్లో చేరింది. అక్కడ పైకి పెద్దగా జబ్బు కనిపించని తల్లులకు కూడా నరాలు దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు.

అలాగని మానేయకు. బిడ్డ మెదడుకు కావలసిన డీహెచ్ఏ అనే మంచి కొవ్వు చేపలో ఉంది. పాదరసం తక్కువుండే రకాలైతే గర్భిణులు వారానికి సుమారు 225 నుంచి 340 గ్రాముల దాకా తినవచ్చని అమెరికాలో ఆహారం, పర్యావరణం చూసే ప్రభుత్వ సంస్థలు ఎఫ్‌డీఏ, ఈపీఏ చెబుతున్నాయి. మనం పట్టిన చేప సంగతి వేరు. ముందు ఆ నీళ్ల గురించి అధికారుల హెచ్చరిక ఉందేమో కనుక్కోండి. బోర్డుమీద "నెలకొకసారే" అని ఉంటే అది ఆ నీళ్లకు, ఆ రకానికి మాత్రమే, పూర్తిగా చదవండి. ఏ సమాచారమూ దొరక్కపోతే వారానికి ఒక్కసారి, పచ్చిగా తూచినప్పుడు 110 గ్రాములు, ఆ వారం ఇంక వేరే చేప వద్దు.

డాక్టరమ్మకు కూడా ఏం తింటున్నావో చెప్పు. ఈసారి చేప పడితే కోయకముందే స్కేలు పక్కన పెట్టి ఫొటో పంపండి. ఏ రకమో చూసి చెబుతాను.

మీ పెదనాన్న