ఆట కోసం బీటెక్ మానేస్తానంటున్నాడు

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా వారికి గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ షాపు ఉంది. బాబుకి 19 ఏళ్లు, బీటెక్ రెండో ఏడాది. మూడు సబ్జెక్టులు తప్పాడు. రాత్రి తొమ్మిదికి తలుపేసుకుంటే ఒంటిగంట దాకా ఫోన్‌లో బీజీఎంఐ అనే షూటింగ్ గేమ్ ఆడతాడు. ముంబైలో ఏదో టీమ్ వాళ్లు గేమింగ్ హౌస్‌కి (టీమంతా ఒకే ఇంట్లో ఉండి ఆడే చోటు) రమ్మన్నారట, కాలేజీ మానేస్తానంటున్నాడు. మా మరిది ఆన్‌లైన్ రమ్మీ ఆడి అప్పులపాలయ్యాడు. ఆ భయంతో మా వారు పోయిన నెల బాబు ఫోన్ నేలకేసి కొట్టారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నేను నలిగిపోతున్నాను.

జవాబు: అమ్మా, మీ మరిది ఆడింది వేరు, మీ అబ్బాయి ఆడుతున్నది వేరు. మీ వారికి ముందు ఈ తేడా తెలియాలి. రమ్మీలో డబ్బు పెట్టి, డబ్బు కోసం ఆడతారు. దాన్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే టీమ్‌లు పోటీపడి ఆడే వీడియో గేమ్‌లను, క్రీడగా గుర్తించింది. తమ్ముడు మునిగిపోవడం కళ్లారా చూసిన మనిషికి ఫోన్ పట్టుకున్న కొడుకు కూడా అదే దారిలో ఉన్నట్టు కనిపిస్తాడు. ఈ మాట బాబుకి మీరే చెప్పండి. బాబాయి సంగతి వాడికి పైపైనే తెలిసి ఉండొచ్చు.

ఫోన్ పగలగొట్టడం మాత్రం తప్పే. మీ వారికి నోటితో చెప్పడం కష్టమైతే, ఆ ఫోన్ తనే తీసుకెళ్లి రిపేరుకి ఇవ్వమనండి. కొడుక్కి అర్థమవుతుంది.

తర్వాత ఒక రాత్రి వాడి పక్కన కూర్చుని చూడండి. టీమ్‌లో నలుగురుంటారు. ఎటు వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే లీడర్‌ను ఐజీఎల్ అంటారు. వేరే టీమ్‌లతో ఆడే ప్రాక్టీస్ మ్యాచ్‌లు స్క్రిమ్స్. నీ పని ఏంటి, ఏ టోర్నమెంటులో ఎంతవరకు వెళ్లారు, ఓడిన మ్యాచ్ మళ్లీ చూసుకుంటారా అని అడగండి. నిజంగా ఆటగాడైతే ఆగకుండా చెబుతాడు. జవాబు లేకపోతే, తిండీ నిద్రా వదిలేస్తుంటే, ఆపాలనుకున్నా ఆపలేకపోతుంటే అది వేరే సమస్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ డిజార్డర్ అని జబ్బుల జాబితాలో చేర్చింది. అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, ఉచితమే.

కాలేజీ మానేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. 2024లో హైదరాబాద్ హైటెక్స్‌లో బీజీఎంఐ సిరీస్ ఫైనల్స్ జరిగాయి. మొత్తం బహుమతి 2 కోట్ల రూపాయలు. పిల్లల కళ్లలో మెరిసేది ఆ అంకె. దేశమంతా వడపోస్తే ఆ స్టేజీ ఎక్కింది 16 టీమ్‌లే. పైగా ఈ ఆటకు యజమాని ఒక కంపెనీ, దాని మీద ప్రభుత్వం. 2020 సెప్టెంబరులో పబ్‌జీ అనే ఆటను ప్రభుత్వం నిషేధించింది. దాని బదులు 2021లో వచ్చిన బీజీఎంఐని 2022 జూలైలో యాప్ స్టోర్ల నుంచి తీసేశారు, మళ్లీ 2023 మేలో గానీ రాలేదు. అన్నాళ్లూ పెద్ద టోర్నమెంట్లు లేక కుర్రాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. అలాంటప్పుడు చేతిలో డిగ్రీ ఉండాలి. ఈ మాట వాడి ప్రతిభను తక్కువ చేయడం కాదని వాడికి అర్థమయ్యేలా చెప్పండి.

కాబట్టి బేరం ఇలా పెట్టండి. సప్లిమెంటరీలో ఆ మూడు సబ్జెక్టులూ గట్టెక్కాలి. అప్పటిదాకా స్క్రిమ్స్ పదకొండుకి ఆపాలి. పెద్ద టోర్నమెంటు ఉన్న వారం మీరు అడ్డు చెప్పకూడదు, షాపు పనులు పురమాయించకూడదు. ఏడాది తర్వాత ముగ్గురూ కూర్చుని మళ్లీ మాట్లాడుకోవాలి. మీ వారు మాట ఇస్తే నిలబెట్టుకోవాలి, అది చాలా ముఖ్యం.

ముంబై పిలుపు నిజమే అయితే కాగితాలు పంపమనండి. నెల జీతం ఎంత, బహుమతిలో, యూట్యూబ్ ఆదాయంలో ఎవరి వాటా ఎంత, మధ్యలో వదిలి వచ్చేస్తే ఎదురు కట్టాలా, ఇవన్నీ రాతలో ఉండాలి. వాడికి 19 నిండాయి, మీకు చెప్పకుండానే సంతకం పెట్టగలడు. అందుకే తండ్రీకొడుకులిద్దరూ కలిసి ఆ కాగితాలు ఒక లాయర్‌కి చూపించాలి. వాడు పెట్టే సంతకం మీ వారు పక్కనుండగా పెట్టేలా చూడండి.