రకరకాల ప్రాజెక్టులు చేస్తూ పోతే నిజంగా పని పట్టుబడుతుందా?

కోడు, బొమ్మలు, సంగీతం అన్నింటిలోనూ చేయి పెట్టేవారికి ఏదీ పూర్తిగా పట్టుబడదన్న సందేహానికి, స్టార్‌డ్యూ వ్యాలీ అనే వీడియో గేమును రూపొందించిన ఎరిక్ బరోన్ అనుభవమే సరైన సమాధానమని నా అభిప్రాయం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2011లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పొందిన ఆయన, ఉద్యోగం దొరకక, సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేయి తిరగడం కోసం ఈ గేమును మొదలుపెట్టి, సియాటిల్‌లోని ఒక థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పని చేసుకుంటూ, దాదాపు నాలుగున్నరేళ్లు ఒంటరిగా శ్రమించి 2016 ఫిబ్రవరిలో విడుదల చేశారు. ప్రోగ్రాములూ చిత్రాలూ సంగీతమూ సంభాషణలూ అన్నీ ఆయనవే.

తొలినాటి బొమ్మలు నచ్చక ఆయన వాటిని పలుమార్లు తిరిగి గీశారు. బొమ్మ తెరపై కదిలితే గాని దాని లోపం కనబడదు. ఆ లోపాన్ని కోడులో దిద్దాలో, బొమ్మలోనే దిద్దాలో రెండు పనులూ చేసినవారే త్వరగా పోల్చుకోగలరు. కాబట్టి విడివిడిగా పాఠాలు నేర్చుకోవడం కన్నా, ఈ పనులన్నీ ముడిపడిన ఒక చిన్న వస్తువును చివరిదాకా పూర్తిచేయడం మేలు. అయితే ఆ సంవత్సరాల్లో ఇంటి ఖర్చులకు ఆయన జీవిత భాగస్వామి సంపాదన ఆసరాగా నిలిచిందన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.