రైతు సందేహం: గడ్డి మొలవని ఆ చోటు చౌడు కాదు, డీజిల్. అమ్మే ముందు ఏం చేయాలి?

ప్రశ్న: నా ఆరెకరాల పొలం అమ్మకానికి పెట్టాను. కొనేవాళ్లు ఇళ్లు కడతామంటున్నారు. బావి పక్కన చాలా ఏళ్లు డీజిల్ ఇంజిన్ నడిచింది. దాన్ని ఆనుకునే పురుగుమందులు దాచే షెడ్డు ఉంది. ఇంజిన్ ఉన్న చోట సుమారు పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పున గడ్డి కూడా మొలవడం లేదు. నేల నల్లగా ఉంది కాబట్టి కారుచౌడు అనుకుని భూసార పరీక్ష చేయించాను. పీహెచ్ 7.6, ఈసీ (నేలలో లవణాల కొలత) 0.4, మిగతావన్నీ బాగానే ఉన్నాయని రిపోర్టు వచ్చింది. మందుల డీలర్‌ని అడిగితే జిప్సం, హ్యూమిక్ యాసిడ్ వేసి లోతుగా దున్నమన్నాడు, పైన అడుగు మందం కొత్త మట్టి పోస్తే సరిపోతుందన్నాడు. షెడ్డులో పాత డబ్బాలు, రెండు డ్రమ్ములు మిగిలాయి, వాటిని తగలబెడదామనుకుంటున్నాను. కొనేవాళ్లు నేల రిపోర్టు అడుగుతున్నారు. నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయాలి. సలహా ఇవ్వగలరు. – ఒక రైతు

జవాబు: ఈ ఉత్తరం చదవగానే మూడు పనులు ఆపండి. దున్నకండి. కొత్త మట్టి పోయకండి. డబ్బాలు, డ్రమ్ములు తగలబెట్టకండి.

మీది చౌడు కాదు. మీ చేతిలో ఉన్న రిపోర్టే ఆ మాట చెబుతోంది. కారుచౌడు, అంటే సోడియం ఎక్కువైన నేల అయితే పీహెచ్ 8.5 దాటాలి, పాలచౌడు, అంటే ఉప్పు పేరుకున్న నేల అయితే ఈసీ 4 దాటాలి. మీకు రెండూ మామూలుగానే ఉన్నాయి. నేలలో సోడియం సమస్యే లేనప్పుడు జిప్సం వేసి ఏం లాభం? ఇంజిన్ నుంచి, డీజిల్ డబ్బాల నుంచి ఏళ్ల తరబడి కారిన నూనె మట్టి రేణువులకు పట్టుకుంది. అలాంటి మట్టి నీరు పీల్చదు, వేళ్లకు గాలి అందదు. నూనెను తినే సూక్ష్మజీవులు ఉన్న కాస్త నత్రజనినీ వాడేసుకుంటాయి. అందుకే గడ్డి రావడం లేదు.

అనుమానం తీరాలంటే అడుగు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి, గాజు సీసాలో నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు వదిలేయండి. నీటి మీద రంగురంగుల పొర తేలితే దాన్ని పుల్లతో చీల్చి చూడండి. ముక్కలుగా విడిపోయి అలాగే ఉండిపోతే అది ఇనుము వల్ల ఏర్పడిన పొర కావచ్చు. చీల్చినా మళ్లీ వచ్చి కలుసుకుంటే నూనె. మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడొద్దు.

భూసార పరీక్ష గురించి గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు. ఆ పరీక్ష పంటకు ఎంత ఎరువు వేయాలో చెప్పడానికి పెట్టింది. పీహెచ్, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, కొన్ని సూక్ష్మపోషకాలు, అంతే. డీజిల్ ఉందా, పురుగుమందు ఉందా, సీసం ఉందా అని అది చూడనే చూడదు. కంటి పరీక్ష చేయించుకుని గుండె బాగుందని చెప్పుకోవడం ఎలాంటిదో, ఆ రిపోర్టు చూపించి నేల శుభ్రంగా ఉందని కొనేవారికి చెప్పడమూ అలాంటిదే.

ఇక డీలర్ సలహా. దున్ని కలిపితే విషం పోదు, పరుచుకుంటుంది. ఈరోజు మీ దగ్గర సుమారు 40 ఘనపు మీటర్ల చెడ్డ మట్టి ఉందనుకుందాం. దున్ని పక్క మట్టితో కలిపాక అది 200 ఘనపు మీటర్లు కావచ్చు. రేపు అంతటినీ తవ్వి తరలించాల్సి వస్తే ఆ ఖర్చు పెట్టేది డీలర్ కాదు, మీరు. పైన మట్టి పోసి కప్పేయడం ఇంకా తప్పు. ఇల్లు కట్టేవాళ్లు పునాది తవ్వగానే బయటపడుతుంది, అప్పుడు అది దాచిపెట్టి అమ్మడం అవుతుంది. పురుగుమందులు, ఎరువులు అమ్మే వ్యక్తికి కలుషిత నేల గురించి తెలియాలని లేదు. తెలియనప్పుడు తెలియదని చెప్పాలి గానీ ఉన్న సరుకే మందుగా రాయకూడదు. నూనెను తినే బ్యాక్టీరియా అంటూ సీసాలు అంటగట్టేవాళ్లు కూడా వస్తారు, కొనకండి. ఏళ్లుగా డీజిల్ పడిన నేలలో దాన్ని తినే సూక్ష్మజీవులు ఇప్పటికే ఉంటాయి. వాటికి కావలసింది గాలి, తేమ, నత్రజని.

ఇప్పుడు చేయాల్సిన పని. మొదట ఒక పెద్ద కాగితం మీద పొలం పటం గీయండి. ఇంజిన్, డీజిల్ నిల్వ, మందు కలిపిన చోటు, స్ప్రేయర్ కడిగిన చోటు, ఆ నీళ్లు పారిన దారి, పాత సీసాలు పూడ్చిన గొయ్యి, పాడైన బ్యాటరీలు పడేసిన మూల, అన్నీ గుర్తుపెట్టండి. ఏ ఏళ్లలో ఏం వాడారో రాయండి. ఇంట్లో పెద్దవాళ్లను, పాత కూలీలను అడగండి. డీడీటీ, బీహెచ్‌సీ, ఎండోసల్ఫాన్ లాంటి పాత పురుగుమందులు వాడిన రోజులు ఉంటే తప్పక రాయండి. ఈ కాగితమే పరీక్షకు పునాది. ఎక్కడ తవ్వాలో, ల్యాబ్‌ని ఏం అడగాలో దీన్ని బట్టే తేలుతుంది. దాచకుండా రాయండి, దాచితే నష్టం మీకే.

శాంపిల్ తీసేటప్పుడు భూసార పరీక్ష పద్ధతి మరచిపోండి. పది చోట్ల మట్టి తీసి కలిపి అరకిలో పంపడం ఇక్కడ పనికిరాదు. ఒకచోట 8,000 పీపీఎం (పది లక్షల పాళ్ల మట్టికి 8,000 పాళ్లు) డీజిల్ ఉండి తొమ్మిది చోట్ల ఏమీ లేకపోతే, కలిపిన శాంపిల్‌లో 800 కనబడుతుంది. అసలు చెడ్డ చోటు అందులో మాయమైపోతుంది. ప్రతి శాంపిల్ విడిగా ఉండాలి.

ఇంజిన్ దగ్గర మధ్యలో ఒకటి, నాలుగు పక్కలా నాలుగు, గడ్డి మొలిచే అంచు దాటి రెండు మీటర్ల దూరంలో మరో నాలుగు చోట్ల తవ్వండి. ఒక్కోచోట 0–15, 45–60, 90–100 సెంటీమీటర్ల లోతుల్లో తీయండి. మీటరు లోతులోనూ వాసన వస్తుంటే ఇంకా కిందికి వెళ్లాలి. షెడ్డు గుమ్మం దగ్గర, స్ప్రేయర్ కడిగిన చోట, నీళ్లు పారిన దారిలో 0–15, 30–45 సెంటీమీటర్ల లోతుల్లో తీయండి. షెడ్డుకి ఎగువన, ఏ మందూ పడని చోట రెండు శాంపిళ్లు తప్పనిసరి. మీ నేలలో సహజంగా ఎంత ఉంటుందో అవే చెబుతాయి.

శుభ్రమైన చోట మొదలుపెట్టి చెడ్డ చోటుకి రండి, ఎదురు తిరగొద్దు. ఒక్కో శాంపిల్‌కి పారను సబ్బునీటితో, తర్వాత మంచినీటితో కడగండి, గ్లౌజులు మార్చండి. డీజిల్, పురుగుమందుల శాంపిళ్లకు ప్లాస్టిక్ సంచి వద్దు. మూత గట్టిగా పట్టే గాజు సీసా తీసుకుని, గాలి మిగలకుండా అంచుదాకా నింపండి. ఐస్ పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచి రెండు రోజుల్లోపు ల్యాబ్‌కి చేర్చండి. సీసా మీద చోటు, లోతు, తేదీ, తీసినవారి పేరు ఉండాలి, ఎవరి చేతి నుంచి ఎవరికి చేరిందో ఒక కాగితం మీద సంతకాలు ఉండాలి. కొనేవారి ఇంజనీరు మొదట అడిగేది ఆ కాగితమే.

‘నేల మొత్తం పరీక్ష చేయండి’ అంటే ల్యాబ్‌కి అర్థం కాదు. పెట్రోలియం హైడ్రోకార్బన్లు, బెంజీన్–టోలుయీన్ వర్గం, బహువలయ హైడ్రోకార్బన్లు, ఆర్గానోక్లోరిన్ (డీడీటీ లాంటి క్లోరిన్ ఉన్నవి), ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు, ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, రాగి, పాదరసం అని రాసి ఇవ్వండి. ల్యాబ్‌కి ఐఎస్‌వో/ఐఈసీ 17025 (పరీక్షా ల్యాబ్‌ల అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉండాలి, ఆ గుర్తింపు ఈ పరీక్షలకే వర్తిస్తుందో లేదో చూడండి. బావి నీటినీ పంపండి. నీరు కాసేపు తోడేశాక శాంపిల్ పట్టండి. తాగునీటిలో బెంజీన్ గానీ, ఆర్సెనిక్ గానీ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫలితం వచ్చేదాకా ఆ బావి నీళ్లు మనుషులు, పశువులు తాగకూడదు.

ఫలితాలను ఇళ్ల స్థలాలకు పెట్టిన పరిమితులతో పోల్చమని అడగండి, పొలాల పరిమితులతో కాదు. అక్కడ రేపు పిల్లలు మట్టిలో ఆడతారు, మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటారు.

డీజిల్ ఒక్కటే అని తేలితే అక్కడే బాగుచేయవచ్చు. 40 ఘనపు మీటర్లంటే సుమారు 60 టన్నుల మట్టి. సగటున 5,000 పీపీఎం ఉంటే అందులో దాదాపు 300 కిలోల డీజిల్ ఉన్నట్టు. బావికి దూరంగా, సుమారు 170 చదరపు మీటర్ల చోట మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, చుట్టూ అడుగు ఎత్తు గట్టు వేసి, తవ్విన మట్టిని 30 సెంటీమీటర్ల మందంలో పరవండి. డీజిల్‌లోని కర్బనం 100 పాళ్లకు నత్రజని 10, భాస్వరం 1 ఉండేలా ఎరువు లెక్క కట్టాలి. పై మోతాదుకి యూరియా 55 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 36 కిలోలు వస్తుంది. సూపర్ అంతా మొదటే కలపండి. యూరియా మొదట 20, నెల తర్వాత 20, రెండో నెలాఖరుకు 15 కిలోలు వేయండి. ఒకేసారి వేస్తే ఉప్పు పెరిగి సూక్ష్మజీవులే దెబ్బతింటాయి. బాగా చివికిన పశువుల ఎరువు రెండున్నర ఘనపు మీటర్లు కలిపితే మట్టి గుల్లగా ఉంటుంది. మీ రిపోర్టులో 10,000 పీపీఎం వస్తే యూరియా, సూపర్ రెట్టింపు చేయండి. 50,000 దాటితే ఈ పద్ధతి పనిచేయదు, అంత నూనెలో సూక్ష్మజీవులు బతకవు.

మట్టి పిడికిట్లో పడితే ముద్ద కావాలి, నీరు కారకూడదు. మొదటి రెండు నెలలు వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి తిరగేయండి. వాన వచ్చే ముందు కప్పండి. గట్టు లోపల నిలిచిన నీటిని బయటికి వదలకుండా మళ్లీ అదే మట్టి మీద చల్లండి. రెండు నెలలకోసారి నాలుగు చోట్ల విడిగా శాంపిల్ తీయండి. మొదట్లో త్వరగా తగ్గుతుంది, బరువైన భాగం మొండిగా మిగులుతుంది. ఆరు నెలల నుంచి రెండేళ్లు పట్టవచ్చు.

కానీ నాకు భయమంతా షెడ్డు దగ్గరే. డీజిల్ నూనె కాబట్టి పురుగుమందును కరిగించుకుని కిందికి మోసుకుపోగలదు. మామూలుగా డీడీటీ వంటివి పై 30 సెంటీమీటర్లలోనే పట్టుకుని ఉంటాయి, డీజిల్ కలిసిన చోట ఆ నమ్మకం పెట్టుకోకూడదు. అందుకే ఇంజిన్ దగ్గరి లోతు శాంపిళ్లలోనూ పురుగుమందుల పరీక్ష అడగమంటున్నాను. ఆ మట్టిలో ఆర్గానోక్లోరిన్లు తేలితే పైన చెప్పిన పద్ధతి వద్దు. అవి ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కావు, డీడీటీ సగానికి తగ్గడానికే రెండు నుంచి పదిహేనేళ్లు పట్టవచ్చు. ఆ మట్టిని విడిగా తవ్వి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్న సంస్థకే ఇవ్వాలి. డీజిల్ మట్టితో కలపొద్దు, కలిస్తే రెండూ ప్రమాదకర వ్యర్థమే అవుతాయి.

డబ్బాలు, డ్రమ్ములు కూడా అదే సంస్థకు. క్లోరిన్ ఉన్న మందులు కాలితే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి, అవి అసలు మందుకన్నా ప్రమాదం. బ్లీచింగ్ పౌడర్ చల్లమని ఎవరైనా చెప్తే వినకండి, అది నూనెతో కలిస్తే మంట అంటుకోవచ్చు. కారుతున్న డ్రమ్ముని నైట్రైల్ గ్లౌజులు, బూట్లు, ఆవిరి ఆపే మాస్కు వేసుకున్నవారే ఇంకో పెద్ద డ్రమ్ములోకి దించాలి. షెడ్డు మీద పాత సిమెంటు రేకులు ఉంటే పగలగొట్టకండి, అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిపి, విరగకుండా దించాలి.

లోహాలు ఎక్కువ వస్తే సొంత వైద్యం అసలే వద్దు. సున్నం సీసాన్ని, కాడ్మియాన్ని కట్టడి చేస్తుంది, ఆర్సెనిక్‌ని మాత్రం కదిలిస్తుంది. భాస్వరం ఎరువూ అంతే, సీసాన్ని పట్టేస్తుంది, ఆర్సెనిక్‌ని వదిలేస్తుంది. ఏది ఉందో తెలియకుండా ఏదీ వేయకూడదు.

నాలుగు నెలల్లో ఇదంతా అవదు, టెన్షన్ పడొద్దు. పటం, శాంపిళ్లు, ఫలితాలకు నెలన్నర సరిపోవచ్చు. ఆ ఫలితాలతో మీకు రెండు దారులు. మొదటిది, చెడ్డ భాగాన్ని చుట్టూ కొంత జాగాతో హద్దు వేసి మీ దగ్గరే ఉంచుకుని మిగతాది అమ్మడం. బావి నీరు బాగుంటేనే ఇది కుదురుతుంది. రెండోది, రిపోర్టు కొనేవారి చేతిలో పెట్టి, శుభ్రం చేసే ఖర్చు ఎవరిది, ఏ స్థాయికి తేవాలి, ఎప్పటిలోగా అని ఒప్పందంలోనే రాసుకుని మొత్తం అమ్మడం. నా ఓటు మొదటిదానికి.

మాట్లాడకుండా అమ్మేస్తే తర్వాత నాకేం సంబంధం అనుకోకండి. అమెరికాలో నయాగరా ఫాల్స్ పట్టణంలో ఒక రసాయన కంపెనీ తన వ్యర్థాలు పూడ్చిన లవ్ కెనాల్ స్థలాన్ని 1953లో స్కూల్ బోర్డుకు ఒక్క డాలరుకు ఇచ్చేసింది. కింద రసాయనాలున్నాయని దస్తావేజులో రాసినా అక్కడ బడి కట్టారు, పక్కన ఇళ్లు వచ్చాయి. 1978కి రసాయనాలు ఇళ్ల కిందికి చేరి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ కంపెనీ బాధ్యత స్థలంతోపాటు పోలేదు, కోర్టుల్లో ఏళ్లపాటు వెంటాడింది.

తవ్విన గొయ్యిని వెంటనే పూడ్చకండి. అడుగు నుంచి, నాలుగు గోడల నుంచి శాంపిళ్లు తీసి, అవి పరిమితికి లోపల ఉన్నాయని కాగితం వచ్చాకే మంచి మట్టితో నింపాలి. నింపే మట్టి ఎక్కడిదో కూడా పరీక్షించండి. ఫొటోలు, లారీ తూకం చీటీలు, వ్యర్థాలు అందినట్టు రసీదులు, మొదటి, చివరి రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టి కొనేవారికి నకలు ఇవ్వండి.

ఒక మాట మీరు అడగకపోయినా చెబుతున్నాను. షెడ్డు చుట్టూ పశువులు మేస్తుంటే ఈరోజే ఆపండి. డీడీటీ, బీహెచ్‌సీ పాల కొవ్వులో చేరతాయి. పాత బ్యాటరీ పలకలను పశువులు నాకుతాయి, సీసం ఎక్కితే పళ్లు కొరుకుతూ, చూపు తగ్గి, గోడలకు తలలు ఆనించి నిలబడతాయి. అలాంటి లక్షణం ఏ ఒక్కదానిలో కనబడినా నేల సంగతి పక్కనపెట్టి ముందు పశువైద్యుణ్ని పిలవండి, బ్యాటరీలు ఉన్న చోటును ఆయనకు చూపించండి.