వాన కురిశాక ఏమైంది?

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

పత్రిక ప్రత్యేక సంచికలోని విజ్ఞాన కల్పన కథల మీద నీవు రాసి పంపిన సమీక్ష చదివాను. ప్రతి కథకూ శైలి బాగుందనో, ముగింపు తేలిపోయిందనో చెప్పి వదిలేశావు. అవి ఏ కథ గురించైనా అనగలిగే మాటలు. ఈ తరహా కథలో ముందుగా చూడవలసింది రచయిత చేసిన కొత్త ఊహను. దాన్ని తీసేసినా కథ చెక్కుచెదరకుండా నడిస్తే, అక్కడ సైన్సు కేవలం అలంకారం.

నీకు బాగా నచ్చిన వానయంత్రం కథనే తీసుకో. కళ్యాణదుర్గం దగ్గర ఎండిపోతున్న వేరుశనగ చేనులో ఒక కుర్రవాడు మీట నొక్కగానే, మబ్బు తునక లేని ఆకాశం నుంచి వాన కురుస్తుంది. నిజానికి కృత్రిమ వాన కోసం చేసే మేఘమథనంలో సిల్వర్ అయొడైడ్ రేణువులను చల్లేది అప్పటికే ఉన్న మేఘంలోనే. సున్నా డిగ్రీల కన్నా చల్లబడినా గడ్డకట్టని నీటి బిందువులు వాటి ఆసరాతో మంచు స్ఫటికాలై, బరువెక్కి కిందికి రాలతాయి. ఈ హద్దు దాటినందుకు నేను రచయితను తప్పుపట్టను, ఒక అసాధ్యాన్ని ఒప్పుకొమ్మని పాఠకుణ్ణి అడిగే హక్కు అతనికి ఉంది. అయితే ఆ తరువాత ఏమైంది? ఆ తేమ ఏ ఊరికి దక్కవలసినది? వేరుశనగ చెట్లు పీకి కుప్ప వేసుకున్న పక్క రైతుకు అదే వానలో కాయలు మొలకెత్తిపోతే ఎవరు జవాబుదారీ? వాన కోసం ముఖం వాచిన మన సీమలో ఆ మీట ఎవరి చేతిలో ఉంటే ఊరు వారి చేతిలో ఉన్నట్టే. కథ మొదలు కావలసిన చోట రచయిత ముగించేశాడు. నీ సమీక్ష పట్టుకోవలసింది అదే.

అంగారకుడి కథలో లోపం వేరు. కాంతి వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. అయినా అదే వేగంతో పోయే రేడియో కబురు భూమి నుంచి అక్కడికి చేరడానికి గ్రహాల స్థానాలను బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. కథలో తల్లీకొడుకులు మాటకు మాట అందించుకుంటూ పోట్లాడుకుంటారు. ఆ ఆలస్యాన్ని రచయిత పాటించి ఉంటే, తండ్రి పోయాడని చెప్పిన తల్లి, కబురు వెళ్లి జవాబుగా కొడుకు గొంతు వినబడేదాకా, నలభై నిమిషాల వరకూ ఒంటరిగా కూర్చునేది. ఎంత గొప్ప ఘట్టం చేజారిపోయిందో చూడు! ఇలా రాస్తే, సైన్సు తప్పడం వల్ల కథే నష్టపోయిందని రచయితకూ తెలుస్తుంది.

మిగిలిన కథలకు ఒక్కో వాక్యం చాలు. రచయితలు కొత్తవారని తీర్పు సడలించవద్దు. తిరగరాసి పంపితే, పత్రికకు వెళ్లేలోగా మరొకసారి చూస్తాను.