దొరికిపోయినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తాడు?

“టీనేజ్ పిల్లల మీద ఎక్కువ ప్రభావం ఎవరిది, ఇంట్లోవాళ్లదా, స్నేహితులదా? మా అబ్బాయి ఇంటర్‌లో చేరాక పూర్తిగా మారిపోయాడు” అని అడిగారు మీరు.

నేను సైకాలజిస్టునేం కాను. హైదరాబాద్ రామ్‌నగర్‌లో పెరిగి, ఇప్పుడు మియాపూర్‌లో పదో తరగతి పిల్లాణ్ణి పెంచుతున్నాననుకుంటున్న ఒక తండ్రిని. కాబట్టి నా సంగతే చెప్తా.

1997లో నేను ఇంటర్ ఫస్టియర్. మా నాయిన ఫస్ట్ షిఫ్టుకు పొద్దున ఐదున్నరకే కంపెనీ బస్సెక్కి పోయేవాడు. బజాజ్ చేతక్ తాళం తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉండేది. లైసెన్సు లేదు, వయసు పదహారు. అయినా అంతకుముందు నాలుగైదు సార్లు గల్లీలో తోలి ఉన్నా. ఒక్కణ్ణే తోలినప్పుడు ముల్లు ముప్పై దాటలేదు. అరుగు మీద అప్పడాలు ఎండబెట్టుకునే ముసలమ్మ కనబడితే చాలు, బ్రేకు మీద కాలు పడేది.

ఆ రోజు మాత్రం వెనక లంబూ, వాడి వెనక స్టెపినీ మీద బుడ్డోడు. అసలు పేర్లు వద్దులెండి, ఇద్దరూ ఇప్పుడు పెద్దమనుషులు. క్రాస్‌రోడ్స్ దగ్గర పోలీసు ఉంటాడని గల్లీల్లోంచి అశోక్‌నగర్ తేలి, ఇందిరా పార్క్ దాటాం. ట్యాంక్‌బండ్ మీద బుద్ధుణ్ణి చూసి రావాలని ప్లాను. ఏదో ప్రతివారం చూడని బుద్ధుడైనట్టు! రోడ్డు ఖాళీగా ఉంది. “ఏంరా, మీ తాత తోల్తున్నడా?” అన్నాడు లంబూ నా చెవిలో.

అంతే. ఎడమచేతి కింద గేరు థర్డ్ నుంచి ఫోర్త్‌కు తిరిగింది. ముల్లు అరవై మీద వణుకుతోంది. కట్టమైసమ్మ గుడి ఇవతల ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు మీద పోసిన ఇసుక. బండి ఒకవైపు, మేం ఒకవైపు. నా మోచెయ్యి, బుడ్డోడి గదవ, హెడ్‌లైటు అద్దం.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదని చాలా ఏళ్లకు చదివి తెలుసుకున్నా. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అని ఇద్దరు అమెరికా పరిశోధకులు 306 మందితో కంప్యూటర్లో కారు ఆట ఆడించారు. పసుపు లైటు పడ్డాక కూడా ఎంతవరకు తెగించి పోతారన్నది చూడాలి. తోటివాళ్లు పక్కనుంటే 13-16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటికన్నా బాగా తెగించారట. 24 దాటినవాళ్లలో ఆ తేడా పెద్దగా కనబడలేదు. ఆ రోజుల్లో రామ్‌నగర్ వచ్చి అడిగుంటే అన్ని వందల మంది అవసరమే ఉండేది కాదు, మేం ముగ్గురం చాలు.

అయితే దీంతో “చూశారా, స్నేహితులే చెడగొడతారు” అని తీర్పు రాసేయకండి. నాకు అస్సలు పడని మాట అది. ఆ సాయంత్రం మా అమ్మ “ఆ లంబూగాడే వీణ్ణి ఖరాబు చేసిండు” అంది. లంబూ వాళ్లమ్మ నా పేరు చెప్పింది. బుడ్డోడి వాళ్లమ్మ మా ఇద్దరినీ కలిపి తిట్టింది. మూడిళ్లలోనూ కొడుకులు బంగారం, పక్కింటివాడే తుప్పు. మరి ఆ చెడ్డ స్నేహితుడెవరు?

నేను చెప్పాలనుకున్నది పడిపోయాక జరిగిన సంగతి. నా జేబులో ఒకే ఒక్క రూపాయి బిళ్ల ఉంది. ఎదురుగా పాన్‌డబ్బా దగ్గర ఎర్ర కాయిన్ ఫోను. నాకు కంఠతా వచ్చిన నంబర్లు రెండు: మా నాయిన కంపెనీది, లంబూ వాళ్ల నాయిన టైలర్ షాపు పక్కనున్న కిరాణం పీపీ నంబరు, అంటే కిరాణం వాళ్లు ఫోనెత్తి ఆయన్ను పిలిచే నంబరు. నా వేళ్లు పీపీ నంబరే నొక్కాయి. లంబూ చెయ్యమనలేదు. నేనే చేశా.

ఆయన మెడలో టేపు అలాగే వేసుకుని ఆటోలో దిగాడు. అడిగిన మొదటి మాట, “ఎవలకేడ తాకింది?” బండి వైపు కూడా చూడలేదు. ముగ్గురికీ టీటీ ఇంజెక్షన్లు ఇప్పించాడు, తెలిసిన మెకానిక్‌తో కొత్త అద్దం వేయించాడు, డబ్బులు ఆయనే ఇచ్చాడు. వెళ్లేటప్పుడు మాత్రం, “మీ నాయినకు నేను చెప్ప బిడ్డా. నువ్వే చెప్పాలె” అన్నాడు.

నేను చెప్పలేదు. కానీ పాత అద్దం పసుపుపచ్చబడి ఉండేది. కొత్తది తళతళలాడుతోంది. మా నాయిన దాని మీద వేలితో ఒకసారి రాసి చూశాడు. కొడతాడనుకున్నా. “కంపెనీ నంబరు తెల్వదా నీకు?” అని మాత్రం అడిగాడు. తెలుసన్నా. లోపలికి పోయి పడుకున్నాడు, ఆ రాత్రి అన్నం తినలేదు. తర్వాత నెలనెలా కొంచెం కొంచెంగా ఆ టైలరు గారి బాకీ తీర్చాడట, అది అమ్మ చెప్తే తెలిసింది.

అందుకే నా లెక్క ఇది: ఎవరితో తిరుగుతాడన్నది కాదు, దొరికిపోయినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తాడో వాళ్లదే అసలు ప్రభావం. ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోకండి.

ఇప్పటి పిల్లలకైతే తిరగడానికి టైమెక్కడిది? తెల్లారకముందే కాలేజీ బస్సు, రాత్రి దాకా స్టడీ అవర్లు. మారిపోయాడు మారిపోయాడంటున్నారు, రోజుకు పధ్నాలుగు గంటలు కూర్చోబెడితే మీరూ మారతారు, నేనూ మారతా. ఇంకో విడ్డూరం, మా అపార్ట్‌మెంట్‌లో పెరుగు ప్యాకెట్ తెమ్మని తొమ్మిదో తరగతివాడి చేతికి యాక్టివా తాళం ఇచ్చేది కన్నతండ్రే. పదహారు నిండితే గేర్లు లేని, 50 సీసీ దాటని బండికే లైసెన్సిస్తారు. యాక్టివా అంతకు రెట్టింపు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత పిల్లవాడు బండితో దొరికితే తల్లిదండ్రులకో, బండి ఓనరుకో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, వాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. ఇది చెప్తే ఆ పెద్దమనిషి, “సందు చివరి దాకే కదండీ” అన్నాడు. రేపు వాడు మెయిన్‌రోడ్డెక్కితే మళ్లీ స్నేహితులే చెడగొట్టారంటాడు చూడండి.

నేనేదో అన్నీ నేర్చేసుకున్నానని కాదు. పోయిన నెల మావాడు ట్యూషన్ ఎగ్గొట్టి ఫ్రెండ్స్‌తో మాల్‌కు పోయాడు. అక్కడ ఫోన్ కింద పడి స్క్రీన్ పగిలింది, చేతిలో డబ్బులు లేవు. వాడు చేసిన ఫోన్ వాళ్ల మేనమామకు. మా బావమరిది వెళ్లి స్క్రీన్ మార్పించి, బిర్యానీ కూడా తినిపించి ఇంటి దగ్గర దింపాడు. మూడు రోజుల తర్వాత నవ్వుతూ చెప్పాడు నాకు.

రాత్రి వాడి గదిలోకి వెళ్లి అడిగా, “నా నంబరు తెలియదారా నీకు?”

తలెత్తకుండానే అన్నాడు, “తెలుసు డాడీ.”