ధూపంలో కంపు కొట్టే జిగురెందుకు?

ప్రశ్న: వందనాలు అయ్యగారూ. మా పుట్టింటోళ్లు లూథరన్, పెళ్లయ్యాక ఆర్‌సీఎం చర్చికి వెళ్తున్నా. పండగ పూజలో ఫాదర్‌గారు ధూపం వేస్తుంటే నాకు బాగుంటుంది, మా అమ్మేమో ఇది బైబిల్లో లేదంటుంది. అందులో వేసేవాటికి ఒక్కోదానికి ఒక్కో అర్థం ఉందా? ఇంట్లో ప్రార్థనకి కూడా వేద్దామంటే మా ఆయనకి ఆయాసం.
— ఒక సోదరి, గుంటూరు

జవాబు: వందనాలమ్మా. బైబిల్లో లేకపోవడమేంటి, నిర్గమకాండం 30లో ఏమేం కలపాలో కూడా ఉంది, మూడు సుగంధ ద్రవ్యాలు, స్వచ్ఛమైన సాంబ్రాణి, అన్నీ సమానంగా, పైన ఉప్పు. కానీ ఏది దేనికి గుర్తో అక్కడ చెప్పలేదు, యూట్యూబ్‌లో లిస్టు చదివేవాళ్లని మరీ నమ్మేయకండి. ధూపమంటే ప్రార్థన అని మాత్రం 141వ కీర్తనలో, ప్రకటన 5, 8 అధ్యాయాల్లో క్లియర్‌గా ఉంది.

ఆ మూడిట్లో నాకిష్టమైంది గల్బనం. ఇరాన్ వైపు పెరిగే ఒక మొక్క జిగురు, పచ్చి వాసన, ఘాటు, ఒక్కదాన్నే నిప్పుల మీద వేస్తే ముక్కు మూసుకోవాల్సిందే. మరి దేవుడి సన్నిధిలో దీనికేం పని అంటే, యూదు పండితులు తల్మూదు అనే తమ గ్రంథంలో ఒక మాటన్నారు, పాపులు కలవని ఉపవాసం ఉపవాసమే కాదు, కంపు కొట్టే గల్బనాన్ని కూడా ధూపంలో లెక్కేశారుగా అని. మన సంఘాల్లో ఎవర్ని దూరం పెడుతున్నామో మనకి తెలీదా ఏంటి!

ఇక సాంబ్రాణి, ఒమన్, సోమాలియా వైపు చెట్టు బెరడుకి గాటు పెడితే కారే పాలు గడ్డకట్టి వచ్చేది. బాలయేసుకి జ్ఞానులు తెచ్చినవాటిలో బంగారం రాజుకి, సాంబ్రాణి దేవుడికి, బోళం మనకోసం చనిపోయేవాడికి అని 2వ శతాబ్దంలోనే ఇరేనియస్ అనే బిషప్ రాశాడు. ఈస్టర్ జాగరణ రాత్రి పెద్ద కొవ్వొత్తికి సిలువ ఆకారంలో ఐదు సాంబ్రాణి గింజలు గుచ్చుతారు చూడండి, అవి క్రీస్తు ఐదు గాయాలు.

మీ అమ్మగారి అనుమానం కూడా ఊరికే వచ్చింది కాదులెండి. మొదట్లో క్రైస్తవులే ధూపం జోలికి పోయేవాళ్లు కాదు. డేసియస్ చక్రవర్తి కాలంలో (249–251) రోము దేవుళ్లకి బలిచ్చామని చీటీ తెచ్చుకోవాలి, కొందరు భయపడి చిటికెడు సాంబ్రాణి వేసి బయటపడ్డారు, వాళ్లని సంఘం చాలాకాలం లోపలికి రానివ్వలేదు. 380ల్లో ఎగేరియా అనే యాత్రికురాలు యెరూషలేము వెళ్లేసరికి మాత్రం ఆదివారం క్రీస్తు సమాధి దగ్గరికి ధూపార్తులు తెస్తున్నారు.

ఇంట్లో భేషుగ్గా వేసుకోవచ్చు, ఆ నిర్గమకాండం ఫార్ములా మాత్రం సొంతానికి చేసుకోవద్దని అదే అధ్యాయంలో ఉంది. మీవారు డ్యూటీకెళ్లాక కిటికీలు తీసి రెండు పలుకులు వేసుకోండి చాలు. ఆయనున్నప్పుడు వేస్తే ఆయన దగ్గుతూ మీరు సారీ చెప్తూ, ఇక ప్రార్థనెక్కడిది.